సెఫిక్సిమ్ మొదలుపెట్టి మూడు రోజులైంది, బాబుకి జ్వరం తగ్గట్లేదు. మందు మార్చాలా?

పేట_అమ్మ (బుధవారం, రాత్రి 9:40)
మా బాబుకి ఏడేళ్లు, బరువు 20 కిలోలు. పోయిన గురువారం నుంచి జ్వరం. పగలు 100 దగ్గర ఉండి రాత్రికి 103 దాకా ఎక్కుతోంది. ఆదివారం మా ఊరి ఆర్‌ఎంపీ గారికి చూపిస్తే విడాల్ టెస్ట్ చేయించి, "టైఫాయిడ్ ఉందమ్మా" అని సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ సిరప్ రాశారు. పూటకి 7.5 ఎంఎల్, రెండు పూటలా. ఈ రోజుతో మూడు రోజులు అయిపోయాయి, జ్వరం ఎక్కడిదక్కడే ఉంది. పైగా నిన్నటి నుంచి నాలుగైదు సార్లు పల్చగా విరేచనాలు. మా అత్తగారేమో "ఆ మందు వాడికి పడట్లేదు, ఆపెయ్" అంటున్నారు. మా ఆయన అజిత్రోమైసిన్‌కి మారుద్దామంటున్నారు, వాళ్ల ఆఫీసులో ఎవరికో రెండు రోజుల్లో తగ్గిందట. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ_కాజా
సెఫిక్సిమ్ ఇప్పుడు ఎవరికీ పనిచేయట్లేదండీ. మా ఇంట్లో ముగ్గురికి వాడాం, ఒక్కరికీ తగ్గలేదు. బొప్పాయి ఆకు రసం పట్టండి.

బిళ్లల_బాబాయ్
కాజా గారూ, మీ ముగ్గురికీ వచ్చింది వైరల్ జ్వరమైతే సెఫిక్సిమ్ కాదు కదా, ఏ యాంటీబయోటిక్ వేసినా తగ్గదు. అది మందు తప్పు కాదు.

అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా మందుల షాపులో ఫార్మసిస్టుని. ముందు ఒక పని చెయ్యండి. సీసా చేతిలోకి తీసుకుని, పేరు కింద చిన్న అక్షరాల్లో "ప్రతి 5 ఎంఎల్‌లో" అని ఉంటుంది, దాని పక్కన 50 ఉందా 100 ఉందా చూడండి. చీటీ మీద ఏం రాశారో కూడా చెప్పండి. పొడిలో నీళ్లు ఎలా కలిపారో కూడా.

చిన్నపిల్లల_వార్డు
నేను పీడియాట్రిక్స్ పీజీ చేస్తున్నాను. బాబాయ్ గారు అడిగింది సరైన ప్రశ్న, దానికి జవాబు రానివ్వండి. ఈలోపు: బాబు మూత్రం మామూలుగా పోస్తున్నాడా? పొట్ట ఉబ్బిందా? మగతగా ఉన్నాడా, లేక జ్వరం దిగినప్పుడు ఆడుకుంటున్నాడా? విరేచనంలో రక్తం, జిగట ఉన్నాయా? వీటిలో ఏది తేడాగా ఉన్నా ఈ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి, ఇక్కడ జవాబుల కోసం చూడొద్దు.

పేట_అమ్మ
మూత్రం బాగానే పోస్తున్నాడు డాక్టర్ గారూ. పొట్ట మెత్తగానే ఉంది. జ్వరం దిగితే లేచి ఫోన్ అడుగుతున్నాడు. రక్తం లేదు.

బాబాయ్ గారూ, సీసా మీద "ప్రతి 5 ఎంఎల్‌లో 50 ఎంజీ" అని ఉంది. చీటీలో మాత్రం 100 అనే ఉంది. షాపులో "100 లేదమ్మా, ఇది కూడా అదే మందు" అని ఇచ్చారు. నీళ్లు డబ్బాలోనే చిన్న సీసాలో వచ్చాయి, అవి మొత్తం పోసి కుదిపాను.

బిళ్లల_బాబాయ్
అనుకున్నంతా అయింది. మందు అదే, కానీ బలం సగం.

లెక్క చూడండి. పూటకి 7.5 ఎంఎల్ అంటే రోజుకి 15 ఎంఎల్. 100 సిరప్ అయితే 300 ఎంజీ వెళ్లేది. మీ దగ్గరున్న 50 సిరప్‌తో వెళ్తున్నది 150. బాబు 20 కిలోలు కాబట్టి కిలోకి రోజుకి ఏడున్నర ఎంజీ. చెవి పోటుకో గొంతు నొప్పికో వాడే మామూలు డోసు కిలోకి 8 ఎంజీ, దాదాపు అంతే. టైఫాయిడ్‌కి మన దగ్గర పిల్లల డాక్టర్లు కిలోకి 15 నుంచి 20 ఎంజీ రాస్తారు. అంటే మీ వాడికి 300 నుంచి 400 పడాలి. మీ ఆర్‌ఎంపీ గారు రాసినది ఆ లెక్కకి కింది అంచున ఉంది. షాపువాళ్లు ఆ సీసా ఇస్తున్నప్పుడు "ఎంఎల్ రెట్టింపు చెయ్యాలమ్మా" అని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. మా వృత్తివాడే చేసిన పని, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నీళ్ల సంగతి మీరు సరిగ్గానే చేశారు. విడిగా నీళ్లు కలపాల్సి వస్తే కాచి చల్లార్చిన నీళ్లు వాడాలి. ముందు సీసాని అరచేతిలో తట్టి పొడి వదులు చేసి, సగం నీళ్లు పోసి బాగా కుదిపి, నురగ దిగాక గీత దాకా మళ్లీ పోయాలి. కొందరు పొడి మీద గీత దాకా ఒకేసారి పోసేస్తారు. అడుగున ముద్ద కట్టిన మందు అక్కడే ఉండిపోయి మొదటి రోజుల్లో నీళ్లలాంటిది, చివర్లో చిక్కటిది తాగుతాడు పిల్లాడు. ప్రతిసారీ కుదపాలి. కొలతకి ఇంట్లో టీ స్పూను వద్దు, సీసాతో ఇచ్చిన మూతే వాడండి.

పేట_అమ్మ
అయ్యో. అయితే ఇప్పటి నుంచే 15 ఎంఎల్ చొప్పున పట్టనా?

చిన్నపిల్లల_వార్డు
మీ అంతట మీరు డోసు మార్చొద్దండీ. రేపు పొద్దున్నే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ రాత్రి డోసు మాత్రం రోజూ పట్టినట్టే పట్టండి. కారణం చెప్తాను.

రేపటికి జ్వరం వచ్చి వారం నిండుతుంది. అసలు ఇది టైఫాయిడేనా అన్నదే ఇంకా తేలలేదు. విడాల్ ఒక్కదాన్ని పట్టుకుని తేల్చలేం. అది రక్తంలో క్రిమిని చూడదు, క్రిమి మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలని చూస్తుంది. అవి పైకి రావడానికే వారం దాకా పడుతుంది. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌కీ, కొన్ని వేరే జ్వరాలకీ కూడా పాజిటివ్ చూపిస్తుంది. నాలుగో రోజున చేసిన విడాల్ పాజిటివ్ అంటే నేను పెద్దగా నమ్మను. డెంగీ, మలేరియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చూడాలి. ప్లేట్‌లెట్లు చూడాలి. ముఖ్యంగా బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష, తీయాలి. అది యాంటీబయోటిక్ మొదటి చుక్క పడకముందే తీసుండాల్సింది, ఇప్పుడు తీసినా ఏమీ పెరగకపోవచ్చు. అయినా తీయాలి.

ఇంకోటి, నిజంగా టైఫాయిడే అయినా, సరైన డోసు పడినా, సెఫిక్సిమ్‌తో జ్వరం మూడో రోజుకి దిగదు. నాలుగు నుంచి ఏడు రోజులు పట్టడం మామూలే. ఇది నెమ్మది మందు. మూడో రోజున భయపడి మందు మార్చే కుటుంబాలని మేం వారానికి పది చూస్తాం. మార్చాక ఎలాగూ తగ్గే రోజుకే తగ్గుతుంది, పేరు రెండో మందుకి వస్తుంది.

కాకినాడ_కాజా
మరి అజిత్రోమైసిన్ మంచిది కాదా?

చిన్నపిల్లల_వార్డు
మంచిదే. టైఫాయిడ్‌కి బాగానే పనిచేస్తుంది. సెఫిక్సిమ్ అన్నిటికంటే గొప్పదని నేననను. నేపాల్‌లో గాటిఫ్లాక్సాసిన్ అనే సిప్రో జాతి మందుతో పోల్చి చూసిన ప్రయోగం ఒకటి 2007లో అచ్చయింది, దాంట్లో ఆ మందు వాడినవాళ్లకంటే సెఫిక్సిమ్ వాడినవాళ్లలో ఎక్కువమందికి నయం కాక ముందే ఆపేశారు. మరి మనవాళ్లు ఎందుకు వాడుతున్నారంటే, మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకి టైఫాయిడ్ క్రిమి చాలావరకు లొంగట్లేదు. సెఫిక్సిమ్‌కి ఇంకా లొంగుతోంది. అదీ ఎన్నాళ్లో చెప్పలేం. పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016 నుంచి వ్యాపించిన రకానికి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు. నోటితో వేసే మందుల్లో అక్కడ మిగిలింది అజిత్రోమైసినే. దాన్ని ఆఫీసులో ఎవరో చెప్పారని వాడేసుకుంటే రేపు మనకి మిగలదు.

బిళ్లల_బాబాయ్
ఇంకొందరు "రెండూ కలిపిన బిళ్ల ఇవ్వు బాబాయ్" అని వస్తారు. సెఫిక్సిమ్, ఒఫ్లాక్సాసిన్ ఒకే బిళ్లలో కలిపి బోలెడన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కలయికని వాడొద్దన్న జాబితాలో పెట్టింది. ఉత్త సెఫిక్సిమ్‌నేమో "వాచ్" అనే గుంపులో, అంటే ఒక కన్నేసి ఉంచాల్సిన మందుల్లో పెట్టింది. మన దగ్గర టాక్సిమ్-ఓ, జిఫి, మహాసెఫ్, ఏ పేరుతో వచ్చినా షెడ్యూల్ హెచ్1 కిందికే వస్తుంది. 2014 మార్చి నుంచి అమలు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇస్తే రోగి పేరు, డాక్టర్ పేరు, ఎంత ఇచ్చామో విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. నేను రాస్తాను. పక్క వీధి షాపులో అడగ్గానే ఇస్తారు కాబట్టి నా గిరాకీ అక్కడికి పోతుంది, అది వేరే కథ.

మూడో_కాన్పు_ముచ్చట్లు
నా సొంత అనుభవం చెప్తా. నాకు మూత్రంలో మంట తరచూ వచ్చేది. మొదటిసారి డాక్టర్ సెఫిక్సిమ్ 200 రాస్తే రెండు రోజుల్లో తగ్గింది. ఆ స్ట్రిప్ పేరు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నా. తర్వాత ఏడాదిన్నరలో ఐదుసార్లు నేనే కొనుక్కుని, మంట తగ్గగానే ఆపేశా. ఆరోసారి తగ్గలేదు, చలిజ్వరం కూడా వచ్చింది. కల్చర్ రిపోర్ట్ తెస్తే అందులో మందుల పేర్ల పక్కన వరసగా "ఆర్, ఆర్, ఆర్" అని ఉంది, అంటే ఆ మందుకి క్రిమి లొంగదని. సెఫిక్సిమ్ ఎదురుగా ఆర్. సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా ఆర్. కింద "ఈఎస్‌బీఎల్" అని ఒక ముద్ర, అంటే ఈ జాతి మందుల్ని విరగ్గొట్టేసే క్రిమి అని. పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ పోతే "ఎస్" అని, అంటే పనిచేస్తాయని, ఎక్కడో నాలుగే ఉన్నాయి, వాటిలో రెండు ఇంజెక్షన్లు. ఏడు రోజులు రోజూ పొద్దున్నే వెళ్లి సూది వేయించుకొచ్చా, చంకలో పిల్ల ఉండగా.

చిన్నపిల్లల_వార్డు
అక్కా, ఇది కొత్తగా టాపిక్ పెట్టి రాయాల్సినంత విషయం. ఈ రోజుల్లో మామూలు మూత్రం మంటకి మొదటే సెఫిక్సిమ్ వేయడం చాలామంది తగ్గించేశారు. నైట్రోఫ్యూరంటోయిన్ లాంటివి ఉన్నాయి.

డల్లాస్_తెలుగోడు
నాదొక డౌట్. మా పాపకి అమాక్సిసిలిన్ వేస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఇక్కడ పీడియాట్రిషియన్ చార్ట్‌లో పెన్సిలిన్ అలర్జీ అని రాసింది. సెలవులకి విజయవాడ వచ్చినప్పుడు చెవి నొప్పికి అక్కడి డాక్టర్ సెఫిక్సిమ్ రాస్తే మా ఆవిడ భయపడి వేయలేదు. వేయొచ్చా?

చిన్నపిల్లల_వార్డు
పెన్సిలిన్ పడనివాళ్లలో పదిమందిలో ఒకరికి సెఫలోస్పోరిన్లు, అంటే సెఫిక్సిమ్ జాతి మందులు, కూడా పడవని పాత పుస్తకాల్లో ఉండేది. ఆ లెక్క ఇప్పుడు నిలవట్లేదు. సెఫిక్సిమ్ లాంటి మూడో తరం మందుల విషయంలో అంతకంటే చాలా తక్కువ. కానీ పాపకి వచ్చినవి ఏ దద్దుర్లన్నది ముఖ్యం. మూడో రోజో నాలుగో రోజో చదునుగా ఎర్రగా వచ్చి పోయాయా, లేక వేసిన గంటలోనే దురదతో ఉబ్బి, పెదాలు వాచి, ఊపిరి ఆడకపోయిందా? రెండోదైతే ఇంట్లో ప్రయోగాలు వద్దు. చర్మం పొక్కి ఊడడం, నోట్లో పుళ్లు రావడం లాంటివి జరిగి ఉంటే అసలే వద్దు. రాసిన డాక్టర్‌కి ఈ వివరం చెప్పడం మీ పని, మిగతాది ఆయన చూసుకుంటారు.

జీడిమెట్ల_నైట్_షిఫ్ట్
అలర్జీ మాట వచ్చింది కాబట్టి నేను కూడా రెండు ముక్కలు చెప్తా. నేను మందుల ఫ్యాక్టరీల ఆరేళ్లు సెఫలోస్పోరిన్ బ్లాక్‌ల పనిచేసిన. మామూలు మందుల బ్లాక్‌కి దానికి సంబంధమే ఉండదు, బిల్డింగే వేరే. గాలి కూడా వేరే. లోపలికి పోవాలంటే బట్టలు మార్చాలే, బయటికి రావాలంటే స్నానం చేసి రావాలే. ఈ బ్లాక్ డ్రెస్‌తో క్యాంటీన్‌కి పోతే మెమో. ఎందుకంటే ఈ పొడి రవ్వంత పోయి వేరే బిళ్లల కలిసినా, పడని మనిషికి ప్రాణం మీదికి వస్తది. సెఫిక్సిమ్ అంటే తెల్లగ, కొంచెం పసుపు ఛాయల ఉండే పొడి. 7-ఏవీసీఏ అనే ముడిసరుకు నుంచి మొదలైతది. నాతోటి ఒక తమ్మునికి రెండేళ్లకి ముక్కు కారుడు, తుమ్ములు, తర్వాత ఆయాసం మొదలైనయి. సెలవు రోజుల్ల బాగుంటడు, డ్యూటీకి వస్తే మొదలు. ఆఖరికి వేరే బ్లాక్‌కి మార్చిండ్రు. ఆ తమ్ముడు ఇప్పటికీ ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు అదే చెప్తడు.

పాత_పుస్తకాల_పురుగు
అన్నా, బాగా చెప్పావు. ఈ మందుల పుట్టుక మీద నాదొక చిన్న పిడకల వేట. 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాలియరి ఊళ్లో, బ్రోట్జు అనే ఆచార్యుడు సముద్రంలోకి మురుగు కలిసే చోట నీళ్లు తీసి చూస్తే ఒక బూజు దొరికింది. ఆ బూజు రసం టైఫాయిడ్ క్రిమిని చంపుతోందని గమనించాడు. ఆయన దగ్గర డబ్బు, సామగ్రి లేక ఆ బూజుని ఆక్స్‌ఫర్డ్‌కి పంపాడు. అక్కడ దాంట్లోంచి సెఫలోస్పోరిన్ సి తీశారు. ఈ కుటుంబమంతా దాని పిల్లలే. అంటే మురికి నీళ్లతో వచ్చే జబ్బుకి మందు మురికి నీళ్లలోనే దొరికింది. సెఫిక్సిమ్ మాత్రం జపాన్‌లో ఫుజిసావా కంపెనీవాళ్లు తయారుచేశారు, అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది.

వాల్తేరు_వాసు
మధ్యలో అడుగుతున్నందుకు తిట్టకండి. నాకు పన్ను నొప్పికి సెఫిక్సిమ్ రాశారు. శనివారం బావమరిది పెళ్లి. మందు మీద మందు కొట్టొచ్చా?

బిళ్లల_బాబాయ్
నీలాంటివాళ్లు వారానికి ఒకడు వస్తాడు నాయనా. సెఫోపెరజోన్ అని ఒక ఇంజెక్షన్ ఉంది, దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. సెఫిక్సిమ్‌కి ఆ గుణం లేదు. అయినా జ్వరం, నొప్పితో మంచాన ఉన్నవాడికి పెళ్లిలో సీసా ఎందుకు? పన్నుకి సెఫిక్సిమ్ ఎందుకు రాశారో అది కూడా డెంటిస్టుని అడుగు. నోట్లో ఉండే చాలా క్రిములకి ఇది అంత గొప్ప మందు కాదు. చీము గడ్డలకి కారణమయ్యే స్టాఫ్ క్రిమి మీద దాదాపు పనే చేయదు.

రెండో_పెళ్లిరోజు
మా నాన్నగారికి గుండె వాల్వ్ మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటారు. ఆయనకి ఇవ్వొచ్చా?

చిన్నపిల్లల_వార్డు
ఇవ్వొచ్చు, కానీ రక్తం మరీ పల్చబడొచ్చు. రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మామూలుగా కంటే ముందే చేయించుకోవాలి. ఫిట్స్‌కి కార్బమజెపిన్ వాడేవాళ్లు కూడా చెప్పాలి, దాని మోతాదు రక్తంలో పెరుగుతుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి సెఫిక్సిమ్ డోసు తగ్గించాలి.

పేట_అమ్మ (గురువారం, మధ్యాహ్నం 2:15)
గుంటూరులో పిల్లల డాక్టర్‌కి చూపించాం. చీటీ, సీసా రెండూ చూసి మీరు చెప్పిన లెక్కే చెప్పారు. రక్తం తీశారు, కల్చర్‌కి కూడా పంపారు. డెంగీ లేదు, మలేరియా లేదు. పొట్ట నొక్కి చూసి ప్లీహం కాస్త తగులుతోందన్నారు. ఇది టైఫాయిడ్ లాగే ఉందంటూ 100 సిరప్ పూటకి 10 ఎంఎల్ చొప్పున రెండు పూటలా, మొత్తం 14 రోజులు రాశారు. విరేచనాలు మందు వల్లేనట, ఓఆర్ఎస్ తాగించమన్నారు, అవి ఆపడానికి ఏ మందూ వేయొద్దన్నారు. మా అత్తగారు కారులో దారి పొడవునా నన్నే చూస్తూ కూర్చున్నారు.

బిళ్లల_బాబాయ్
సెఫిక్సిమ్‌కి విరేచనాలు చాలా మామూలు. సగమే ఒంటికి పడుతుంది, మిగతా సగం పేగుల్లోనే ఉండి అక్కడి మంచి క్రిములని కూడా కదిలిస్తుంది. పెరుగన్నం పెట్టండి. రక్తం పడినా, నీళ్లలా పది సార్లు అయినా, మందు ఆపేశాక నెలకి మొదలైనా డాక్టర్‌కి చెప్పండి. ఇంకేదైనా వింతగా అనిపిస్తే 1800-180-3024కి ఫోన్ చేయొచ్చు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ప్రభుత్వ నంబర్ అది, డబ్బు పడదు. డాక్టరే చేయాలని లేదు, తల్లిదండ్రులు కూడా చేయొచ్చు.

పేట_అమ్మ (సోమవారం, ఉదయం 7:50)
నిన్న రాత్రి మొదటిసారి జ్వరం రాలేదు. పొద్దున్నే లేచి ఇడ్లీ అడిగాడు. కల్చర్ రిపోర్ట్ కూడా వచ్చింది, ఏమీ పెరగలేదని ఉంది. డాక్టర్ గారు "మందు పడ్డాక తీశాం కాబట్టి దీన్ని బట్టి టైఫాయిడ్ కాదని చెప్పలేను, అవునని కూడా చెప్పలేను" అన్నారు. కోర్సు మాత్రం పూర్తి చేయమన్నారు.

కాకినాడ_కాజా
అంటే వైరల్ జ్వరమే తనంతట తనే తగ్గిందేమో?

చిన్నపిల్లల_వార్డు
అయ్యుండొచ్చు. పది రోజులు 103 దాకా ఎక్కిన జ్వరం, ప్లీహం తగలడం చూస్తే నేనైతే టైఫాయిడ్ వైపే మొగ్గుతాను. కానీ పందెం కాయను. మొదటి సీసా మూత తీయకముందే ఐదు ఎంఎల్ రక్తం తీసుంటే ఈ చర్చే ఉండేది కాదు.

పేట అమ్మగారూ, బాబు పూర్తిగా కోలుకున్నాక టైఫాయిడ్ టీకా గురించి మీ డాక్టర్‌ని అడగండి. కాంజుగేట్ టీకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. వాటిలో మొదటిది మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినదే. ఒకసారి వచ్చి పోయినంత మాత్రాన మళ్లీ రాదని లేదు.

పేట_అమ్మ
తప్పకుండా అడుగుతాను. ఆ పాత 50 సీసాలో ఇంకా సగం మందు ఉంది. ఫ్రిజ్‌లో పెట్టాను. చిన్నదానికి దగ్గు వస్తే పనికొస్తుందా?

బిళ్లల_బాబాయ్
పనికిరాదమ్మా. నీళ్లు కలిపిన రోజు నుంచి దానికి వారమో రెండు వారాలో, సీసా మీద రాసినంతే ఆయుష్షు. చిన్నదాని బరువెంతో, దగ్గెందుకో ఆ సీసాకి తెలీదు. సింకులో పారబోయకండి, మట్టిలోనో వాడేసిన టీ పొడిలోనో కలిపి, కవర్‌లో కట్టి చెత్తలో వేయండి. సీసా మీద ఉన్న కాగితం చింపేసి మరీ వేయండి.